ఎండలో చూడవలసిన రంగు

శుక్రవారం. ఇంట్లో ఉన్నవాళ్లు: అమ్మ, అవ్వ, తమ్ముడు, నేను, మేస్త్రీ తాత. నాన్న సూళ్లూరుపేటకు వెళ్లారు. బీరువాకు రంగు వేయడం అయిపోయింది. మధ్యాహ్నం ఎండలో నేను చూశాను. రెండు తలుపులూ ఒకటే రంగు.

నా పదో ఏట, దసరా సెలవుల్లో, నాన్న ఇచ్చిన నోటుబుక్కులో రాసుకున్న దినచర్య ఇది. ఆ ఏడాదే ఈ అలవాటు మొదలైంది. ఇప్పటికీ మానలేదు. నా దగ్గరున్న ఈ పుస్తకాల్లో తప్పులు ఉంటాయి, మరుపులు ఉంటాయి, కోపంలో రాసిన మాటలు కూడా ఉంటాయి. తెలిసి రాసిన అబద్ధం మాత్రం ఈ ఒక్క రోజుదే. మధ్యాహ్నం నేను ఎండలో ఏమీ చూడలేదు. అసలు ఆ సమయంలో నేను ఇంట్లోనే లేను.

పోయిన వారం మా మనవరాలు పాతసామాను దుకాణంలో రెండు తలుపుల బీరువా ఒకటి కొని తెచ్చింది. బాల్కనీలో కాగితాలు పరిచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, దాని పాత పెయింటంతా గీకింది. లోపల తెల్ల రంగు, బయట డబ్బాలో దొరికే చెక్క రంగు వేసింది. సాయంత్రం నన్ను పిలిచింది.

"అమ్మమ్మా, రెండు తలుపులూ మ్యాచ్ అయ్యాయా చూడు."

"రేపు మధ్యాహ్నం ఎండలో చూసి చెబుతాను" అన్నాను.

"అంతవరకు ఎందుకు? ఫోను లైటు వేస్తాను, ఇప్పుడే చూడు" అని నవ్వింది.

నేను చూడలేదు. నడుం నొప్పి అని చెప్పి లోపలికి వచ్చేశాను. పెట్టె అడుగునుంచి ఆ మొదటి నోటుబుక్కు తీశాను.

మా ఊరు సూళ్లూరుపేటకు తూర్పున, బకింగ్‌హాం కాలువ గట్టు మీద ఉండేది. ఉప్పు, సరుగుడు కట్టెలు, గవ్వసున్నం, అన్నీ ఆ కాలువ మీద పడవల్లోనే మద్రాసుకు వెళ్లేవి. నాన్న మిషను బడిలో పెద్దయ్యవారు, సంఘ పెద్దల్లో ఒకరు. అప్పుడు ఊళ్లో మా క్రైస్తవ సంఘానికి కొత్త గుడి కడుతున్నారు. గోడలు లేచాయి. తలుపులు, బల్లలు, ప్రసంగ వేదిక, అన్నీ టేకుతో చేయించారు. వాటికి రంగు, మెరుగు పెట్టే పని ఎవరికివ్వాలన్నది తేలలేదు. నాన్న మేస్త్రీ తాతకు ఇవ్వాలన్నారు. పాత గుడి తలుపులకు మెరుగు పెట్టింది ఆయన తండ్రే. మిగిలిన పెద్దల్లో ఒకాయన, తాలూకా ఆఫీసులో పనిచేసేవాడు, నెల్లూరు నుంచి మనిషిని పిలిపిద్దామన్నాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. పాత గుడి సామాను గదిలో ఒక టేకు బీరువా ఉంది. రొట్టె, ద్రాక్షరసం పాత్రలు, పాటల పుస్తకాలు అందులోనే పెట్టేవాళ్లు. ఎవరో పుణ్యాత్ములు దానికి వరసగా మూడుసార్లు ఆకుపచ్చ పెయింటు పూశారు. ఒక తలుపును చెదలు తినేస్తే వడ్రంగి కొత్త టేకుతో తలుపు చేసిపెట్టాడు. ముందు దీన్ని బాగుచేయించి చూద్దాం, పాత తలుపూ కొత్త తలుపూ ఒకే రంగుకు తెస్తే గుడి పని మేస్త్రీదే, అనుకున్నారు.

అట్లా ఆ బీరువా మా ఇంటి వరండాలోకి వచ్చింది. దానితోబాటు మేస్త్రీ తాత వచ్చాడు.

ఆయన పక్క ఊరి ముస్లిం పెద్దాయన. సన్నటి మనిషి, గళ్ల లుంగీ, తెల్ల టోపీ. దగ్గరికి వెళితే లక్క కరిగిన స్పిరిటు వాసన వచ్చేది. మొదటి రెండు రోజులూ కాస్టిక్ సోడా నీళ్లతో పెయింటు నానబెట్టి గాజు పెంకులతో గీకాడు. ఆకుపచ్చ పొట్టు చాపలు చాపలుగా లేచేది. నేనూ తమ్ముడూ ఆ పొట్టు ఏరుకుని అది చిలకల రెక్కలని ఆడుకున్నాం. లోపలి అరలకు తెల్ల పెయింటు వేసిన రోజు తమ్ముడి వీపు మీద పెద్ద ఇంటూ గుర్తు పెట్టాను. వాడు సాయంత్రం దాకా అట్లాగే తిరిగాడు. అమ్మ కిరసనాయిలు పెట్టి తుడుస్తూ నా వీపు మీద కూడా ఒకటి పెట్టింది, రంగుతో కాదు.

అవ్వ రోజూ పొద్దున చేపలు కడగడానికి వరండా పక్కనే కూర్చునేది. ఆమెకూ మేస్త్రీ తాతకూ ఈడు ఒకటే.

"ఏంది సాయిబూ, బీరువాకు నలుగు పెడతా ఉండావా?"

"అవునమ్మా. ఒక తలుపు ముసల్ది, ఇంకోటి పడుచుది. రెండిటినీ అక్కాచెల్లెళ్ల మాదిరి చెయ్యాల."

"నన్ను గూడా కొంచెం పడుచుదాన్ని చెయ్యి సాయిబూ."

"దానికి నా రంగు చాలదమ్మా. కాలవ ఎనక్కి పారాల."

అవ్వ చేతిలో చేప జారిపోయేటంత నవ్వేది. మధ్యాహ్నం ఆయనకు పులుసులో పెద్ద ముక్క ఏదో వెతికి మరీ వేసేది.

మూడో రోజు రంగు మొదలైంది. కాచు ఉడకబెట్టిన ఎర్ర నీళ్లు ఒక ముంతలో పోసుకున్నాడు. గుడ్డ ముంచి, పిండి, కొత్త తలుపు మీద పొడుగ్గా రుద్దాలి. నేను గడప మీద కూర్చుని చూస్తున్నాను. ఆయన గుడ్డ ముంచింది ముంతలో కాదు. అమ్మ పెట్టి వెళ్లిన బెల్లం టీ గ్లాసులో. తలుపు మీద రెండుసార్లు రుద్దాడు కూడా. నేను ఫక్కున నవ్వాను.

ఆయన గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ముఖం పాలిపోయింది. నా నవ్వు ఆగిపోయింది.

"అమ్మణ్ణీ, చూసినావా?"

"చూశాను తాతా."

"మీ నాయనకు చెప్తావా?"

"మీకు కనపడదా?"

ఆయన లోపలికి చెవి పెట్టి, అమ్మ దగ్గర్లో లేదని తెలుసుకుని, నెమ్మదిగా చెప్పాడు. "మనుషులు కనపడతారు. గోడ కనపడతాది. అంతా పాలు కలిపినట్టుంటాది. నలుపు, తెలుపు తెలస్తాది. ఎరుపులో ఏ ఎరుపో తెలీదు. ఏడాదిన్నరయింది. ఈ బీరువా బాగా వచ్చిందంటే గుడి పని నాది. రాలేదంటే ఇంక ఈ కాలవ గట్టున నన్ను పిలిచే ఇల్లు ఉండదు. అంతే అమ్మణ్ణీ."

"నేను చూస్తాను తాతా, మీరు చెయ్యండి" అన్నాను.

అది దయ అని చెప్పుకోను. ఒక పెద్దాయన రహస్యం నా చేతికి వచ్చిందన్న గర్వం. ఆ రోజునుంచి ఆయన కళ్లు నేనే. ఒక చిన్న టేకు చెక్క మీద ఒక పూత, రెండు పూతలు, మూడు పూతలు వేసి మెట్లు మెట్లుగా చూపించాడు. పాత తలుపు ఏ మెట్టుకు దగ్గరుందో నేను చెప్పేదాన్ని. "కొంచెం ఎరుపు ఎక్కువ తాతా" అంటే కరక్కాయ నీళ్లు చేర్చేవాడు. "ఇప్పుడు సరిపోయింది" అంటే తల ఊపేవాడు. ఎవరైనా వస్తే ఇద్దరం వేరే మాటల్లో పడేవాళ్లం. చేతి పని మాత్రం ఆయనదే. వేళ్ల వెనుక వైపుతో చెక్కను నిమిరి, ఉప్పుకాగితం ఇంకా ఎక్కడ పట్టాలో నాకంటే ముందే చెప్పేవాడు.

"రంగును దీపం కాడ చూడబాక" అనేవాడు. "నీడలో చూడబాక. అయ్యి మన మనసుకు తగినట్టు చెప్తాయి. నడినెత్తిన ఎండలో చూడు. ఎండకు మొగమాటం లేదు."

శుక్రవారం పొద్దునకు కొత్త తలుపు చివరి పూత పడింది. తలుపులు రెండూ ఊడదీసి పెరట్లో గోడకు పక్కపక్కన ఆనించాం. మరుసటి రోజు పొద్దున పెద్దలు చూడడానికి వస్తారు. ఆ సాయంత్రంలోగా మెరుగు కోసం లక్క పూయాలి. నమాజుకు పోతూ ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"నేను మూడింటికి వస్తా. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు చూడు. కొత్త తలుపు ఆరేకొద్దీ ఎరుపు తిరుగుతాది. ఒక్క పిసరు తిరిగినా చెప్పు, కరక్కాయతో దించుతా. లక్క పడినాక ఇంక నా వల్ల కాదు."

"సరే తాతా."

ఇంకో గంటకు ఎండ నడినెత్తికి వస్తుందనగా తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. "అక్కా! సినిమా పడవ!"

డేరా సినిమావాళ్లు మకాం మారుస్తున్నారు. సినిమా ఆడించే మిషను, డేరా గుడ్డలు, బెంచీలు అన్నీ పడవలో. పడవ ముక్కు మీద గ్రామఫోను హారన్. ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగుతున్నారు. పాట కాలువ పొడుగునా వినిపిస్తోంది. మా ఇంట్లో సినిమా అంటే పాపం. డేరా ఉన్న వీధిలోంచి నడిచినా నాన్న ఒప్పుకునేవారు కాదు. సంఘంలో ఒక కుర్రాడు సినిమాకు వెళ్లాడని తెలిసి మూడు నెలలు ప్రభువు బల్ల దగ్గరికి, రొట్టె ద్రాక్షరసం తీసుకోవడానికి, రానివ్వలేదు. ఆ నిర్ణయం చదివింది నాన్నే.

అయినా వెళ్లాం. ఊరి పిల్లలంతా గట్టు మీదే ఉన్నారు. పడవలోంచి ఒకతను పచ్చ, గులాబి కాగితాలు విసురుతున్నాడు. లాకుల దగ్గర పడవ ఆగింది. నీళ్లు నిండి గేటు తెరిచేదాకా పాటలే పాటలు. తలుపుల సంగతి నాకు గుర్తు రాలేదని రాస్తే అది రెండో అబద్ధం అవుతుంది. గుర్తు వచ్చింది. ఎండ సరిగ్గా నెత్తి మీద ఉంది. పరుగెత్తితే అందుకుంటాను. ఇంకొక్క పాట, అనుకున్నాను. ఆ పాట అయ్యేసరికి సముద్రం వైపునుంచి మబ్బు కమ్మేసింది. ఇంక ఎండ లేదు కదా అని పడవ లాకులు దాటేదాకా అక్కడే ఉండిపోయాను.

మూడు దాటాక నేను ఇల్లు చేరేటప్పటికి చినుకులు పడతాయేమోనని అమ్మ, మేస్త్రీ తాత కలిసి తలుపులను వరండాలోకి చేర్చారు. ఆయన లక్క సీసా కదిలిస్తూ కూర్చున్నాడు. తేమగాలి ముదిరితే లక్క తెల్లబారుతుందని తొందర. నేను బావి దగ్గర కాళ్లు కడుక్కుని వచ్చాను.

"అమ్మణ్ణీ, చూసినావా?"

చూడలేదని చెప్పవచ్చు. చెబితే ఆయన పని ఆపుతాడు. సాయంత్రం నాన్న వచ్చి ఎందుకు ఆగిందని అడుగుతారు. ఎండ వేళకు నేను ఎక్కడున్నానో తేలుతుంది. ఇదంతా ఒక్క క్షణంలో లెక్కవేసుకున్నాను. వరండా మసక వెలుతురులో తలుపుల వైపు చూశాను. రెండూ ఒకటిగానే కనిపించాయి.

"చూశాను తాతా. రెండూ ఒకటే."

"ఎండలో చూసినావా?"

"ఎండలోనే."

ఆయన ముఖం విచ్చుకుంది. "నీ కళ్లు సల్లగుండ" అని లక్క అద్దిన దూది ముద్దను చేతిలోకి తీసుకున్నాడు. సున్నాలు చుడుతున్నట్టు తిప్పుతూ, ఒక చోట కూడా ఆపకుండా, దీపాలు పెట్టేవేళ దాకా మెరుగు పెట్టాడు. తలుపులు తడుముకుంటూనే బిగించాడు. నాన్న వచ్చి లాంతరు ఎత్తి చూసి, "బాగా కుదిరింది మేస్త్రీ" అన్నారు. మేస్త్రీ తాత అమ్మను అడిగి ఇంకో గ్లాసు టీ తాగాడు. అడిగి తాగడం ఆ వారంలో అదే మొదలు. పొద్దున్నే వస్తానని వెళ్లిపోయాడు. నేను నోటుబుక్కు తీసి, పైన ఎత్తి రాసిన ఆ వాక్యాలు రాశాను.

తెల్లారేసరికి మబ్బు విడిపోయింది. మా వరండా తూర్పుముఖం. నాన్న, ఇంకో ముగ్గురు పెద్దలు వచ్చి నిలబడేసరికి ఎండ సూటిగా బీరువా మీద పడుతోంది. పాత తలుపు చింతపండు రంగులో ఉంది. కొత్తది ఇటుకపొడి రంగులో ఉంది. మెరుగు వల్ల ఆ తేడా వీధిలోకి కూడా కనిపిస్తోంది.

ముందు నోరు విప్పింది తాలూకా ఆఫీసు పెద్దాయన. "ఏందయ్యా ఇది? ఒక తలుపు పొద్దన్నే తాంబూలం ఏసుకోనుండాదే!"

మిగిలినవాళ్లు నవ్వారు. నాన్న నవ్వలేదు. "ఏంది మేస్త్రీ, నిన్న చూసుకోలా?"

మేస్త్రీ తాత ముందుకు వచ్చాడు. ముక్కు తగిలేంత దగ్గరగా తలుపు మీదికి వంగాడు. వేళ్ల వెనుక వైపుతో ఒకసారి నిమిరాడు. తర్వాత నాన్న ఉన్న వైపు తిరిగి అడిగాడు. "ఎర్రగా ఉండాదా అయ్యా?"

ఆ ప్రశ్నతో నవ్వులు ఆగిపోయాయి.

"నీకు కనపడలా?" అన్నారు నాన్న.

"లేదయ్యా. ఏడాదిన్నరగా లేదు."

"మరి ఇన్నాళ్లూ రంగు ఎట్ట కలిపినావు? ఎవురు చూసిపెట్టినారు?"

నేను ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయనకూ నాకూ మధ్య నాలుగడుగుల దూరం. ఆయన ఏం చెబుతాడోనని చూస్తున్నాను.

"ఎవురూ లేదయ్యా. చేతి గురుతు" అన్నాడు. "లక్క గీకి మళ్లీ చేస్తా. ఒక్క మధ్యాన్నం ఎండ చాలు. కాకుంటే కళ్లుండే మనిషి ఎవరన్నా పక్కన నిలబడాల."

ఎవరినీ ఉద్దేశించి అనలేదు. అని ఎదురుచూశాడు. నేను నిలబడతాను అని ఒక్క మాట అంటే చాలు. అయితే ఆ మాట వెనకే నాన్న అడిగే ప్రశ్న నాకు తెలుసు. నాన్న ఒకసారి మా అందరినీ చూసి నా మీద చూపు ఆపారు.

"పాపా, నువ్వు రోజంతా ఈయన కాడనే ఉంటివి గదా. నీకేమన్నా తెలుసునా?"

"తెలియదు నాన్నా."

తాలూకా ఆఫీసు పెద్దాయన కండువా దులుపుకున్నాడు. "కళ్లు కనపడనోడికి గుడి పని ఎట్టిస్తామయ్యా? పాపం, జాలి పడాల్సిందే. నెల్లూరు మనిషికి కబురు పెట్టండి."

నాన్న తల వంచుకున్నారు. అవ్వ లోపలినుంచి వచ్చి, "కూర్చో సాయిబూ, అన్నం తిని పో" అంది. ఆయన వద్దన్నాడు. గుడి పని నెల్లూరు మనిషే చేశాడు. ఆ బీరువాను అట్లాగే, రెండు రంగుల తలుపులతోనే, కొత్త గుడి సామాను గదిలో పెట్టారు. ప్రతి ఆదివారం పాటల పుస్తకాలు తీసేటప్పుడు నేను కొత్త తలుపు పట్టుకోకుండా పాత తలుపే తెరిచేదాన్ని. మేస్త్రీ తాతను ఆ తర్వాత ఎవరూ రంగు పనికి పిలవలేదని విన్నాను. నాన్నకు ఈ సంగతి చెప్పాలని పెద్దయ్యాక చాలాసార్లు అనుకున్నాను. ఆయన పోయేదాకా చెప్పలేదు.

నేను నర్సునయ్యాను. కొన్నాళ్లు కంటి వార్డులో పనిచేశాను. శుక్లం తీసి కట్టు విప్పగానే ముసలివాళ్లను ఎన్ని వేళ్లని అడుగుతాం. కనపడకపోయినా మనల్ని నొప్పించడం ఇష్టం లేక ఏదో ఒకటి చెప్పేవాళ్లుంటారు. వాళ్లను నేను ఒక్కసారీ విసుక్కోలేదు. చూడనిది చూశామని ఛార్టులో రాసిన చిన్న నర్సులను మాత్రం వదిలిపెట్టేదాన్ని కాదు. చాలా కఠినమైన మనిషినని నాకు పేరు. ఆ కాఠిన్యం ఎక్కడినుంచి వచ్చిందో వాళ్లకు తెలియదు.

ఆ పొద్దున పెద్దలు వెళ్లిపోయాక మేస్త్రీ తాత తన సామాను సర్దుకున్నాడు. సీసాలకు మూతలు బిగించాడు, గుడ్డలు మడిచాడు. గాజు పెంకు ఒకటి దొరక్క నేల తడుముతున్నాడు. అది బీరువా కాలి దగ్గర ఉంది. నేను తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆ చేయి ఎవరిదో వెంటనే తెలిసింది. వరండాలో మేమిద్దరమే ఉన్నాం. అయినా గొంతు తగ్గించి అడిగాడు.

"నిన్న మధ్యాన్నం, నేను మసీదుకు పోయేటప్పుడు, పడవలో పాటలు ఏసినారు గదా అమ్మణ్ణీ. లాకుల కాడ చానాసేపు ఆగిందంట. ఏం పాట ఏసినారు ఆడ?"

నేను చెప్పాను. మొదటి చరణం దాకా చెప్పాను.

"బాగుంది" అన్నాడు. సంచి భుజానికి తగిలించుకుని, కాలితో మెట్టు ఎక్కడుందో చూసుకుంటూ దిగి, గట్టు వైపు నడిచి వెళ్లాడు.